దారిప్రక్క పూటకూళ్ళయిల్లు

వెనుకటి దినములలో మన బాటసారులకు రెండే దిక్కులు: ధర్మసత్రము, లేదా పూటకూళ్ళయిల్లు. సత్రము కట్టించినవాని పేరు శిలాఫలకముపై నిలుచును. పూటకూళ్ళమ్మ పేరో, ఆమె వండిన యన్నముతోడనే పోవును. అమెరికా దేశమందలి యొక ప్రాచీనపు పూటకూళ్ళయింటి చరిత్ర చదివినప్పుడు మాకీ తలంపు కలిగినది.

మసాచుసెట్స్ రాష్ట్రమున, బోస్టను నగరమునకు పడమర సుమారు 20 మైళ్ల దూరమున సడ్‌బరీ యను గ్రామము కలదు. ఆ సీమ ఆంగ్లేయుల యేలుబడిలో నున్న కాలమున డేవిడ్ హౌ అను గృహస్థు పెద్దబాట ప్రక్కను ఇల్లు కట్టుకొనెను. క్రింద నొక గది, పైన నొక గది, అంతియే. 1716లో దొరతనమువారి యనుమతి పొంది, ఆ యింటనే బాటసారులకు బస, భోజనము నొసగ నారంభించెను. అతని వెనుక కుమారుడు ఎజికియెల్, మనుమడు ఆడమ్, మునిమనుమడు లైమన్ ఆ వృత్తినే నడపిరి.

ఈ భవనము ఒక శిల్పి వ్రాసిన పటమునుండి పుట్టినది కాదు. అతిథులు పెరిగినకొలది గదులు చేర్పబడినవి. లావుపాటి కొయ్యదూలములు, పలకల గోడలు, నడుమ ఇటుకల పొగగూడు, దాని యడుగున వెడల్పైన పొయ్యి. చలిదేశమగుటచే ఆ పొయ్యియే యింటికి ప్రాణము. ఎజికియెల్ కాలమున వాకిట ఎఱ్ఱగుఱ్ఱము బొమ్మగల పలక వ్రేలాడెడిది. చదువురానివారును దానిని చూచి బసను గుర్తింపగలిగిరి.

1775 ఏప్రిల్ 19వ తేదీన కాంకర్డులో పోరు పుట్టగా ఎజికియెల్ ఊరివారితో ఆయుధపాణియై బయలుదేరెను. మరి ఆనాడు బాటసారులకు వడ్డించిన దెవరు? చరిత్ర చెప్పదు. ఆ కుటుంబపు స్త్రీలలో జనులు ముఖ్యముగా చెప్పుకొనునది లైమన్ సోదరి జెరూషాను. అదియు ఆమె పియానో వాయించుటచేతనే గాని వంటచేత గాదు.

బ్రహ్మచారియగు లైమన్ 1861లో మరణింపగా బస మూతపడెను. మరుసటి యేడు లాంగ్‌ఫెలో కవి ఆ యింటిని దర్శించి, 1863లో దానిపై కథాకావ్యము ప్రకటించెను. అందు పొయ్యిచుట్టు కూర్చున్న అతిథులు, మన కాశీమజిలీలలోవలె, కథలు చెప్పుకొందురు. ఆ కావ్యమే యింటికి కీర్తియు, క్రొత్త పేరును తెచ్చినది. 1923లో మోటారుబండ్ల ఫోర్డుగారు దానిని కొనిరి. 1955 డిసెంబరులో నిప్పంటుకొని చాలభాగము కాలిపోగా, మరల బాగుచేసి 1958లో తలుపులు తెరచిరి.

కథ నిలిచినది కనుక ఇల్లు నిలిచినది. మన యూళ్ళ పూటకూళ్ళమ్మల కథ లెవరు వ్రాసిరి? మీ పెద్దవారిలో అట్టి యన్నము తిన్నవారుండినచో, ఆ తల్లి పేరేమో అడిగి నేడే వ్రాసియుంచుడు.