చంద్రగిరి దుర్గము

తిరుమలేశుని సేవించి మరలు యాత్రికులలో చంద్రగిరి వైపు తిరిగి చూచువారు కొలదిమంది. తిరుపతికి పదునైదు కిలోమీటర్లలోపు, స్వర్ణముఖీ పరిసరమున నున్న ఈ చిన్న యూరు ఒకనాడు విజయనగర సామ్రాజ్యమునకు రాజధాని. అయినను దీని కథ అంతకు చాల ముందే మొదలయినది.

కోటను కట్టినవారు యాదవరాయలని ఐతిహ్యము. సాళువ నరసింహుడు ఇచ్చటనే బలము కూర్చుకొని, 1485 ప్రాంతమున విజయనగర సింహాసన మెక్కెను. శ్రీకృష్ణదేవరాయలు తన తమ్ములను ఈ దుర్గముననే నిర్బంధించి యుంచెనని పోర్చుగీసు గుఱ్ఱముల వర్తకుడు న్యూనిజ్ వ్రాసియున్నాడు. రాయల యనంతరము 1529లో ఆ నిర్బంధితుడే, అచ్యుతరాయలు, వెలికి వచ్చి తిరుమల స్వామి సన్నిధిని పట్టాభిషిక్తుడయ్యెను. చెఱసాలకును సింహాసనమునకును నడుమ దూరము ఒక్క కొండ యెక్కుటయే!

1565 నాటి తళ్ళికోట యుద్ధము తరువాత రాజధాని పెనుగొండకును, 1592లో వేంకటపతిరాయల కాలమున చంద్రగిరికిని మాఱినది. మాఱినదనుట మర్యాద, వెనుకంజ వేసినదనుట న్యాయము. రాజమహలు ముందు నిలిచినవానికి ఈ సంగతి కంటికే తెలియును. మూడంతస్తుల మేడ. రాయి, ఇటుక, సున్నము తప్ప కొయ్య వాడలేదు. కమానులు సుల్తానుల పోకడవి. పైని శిఖరములు దేవాలయ గోపురముల ఛాయవి. హంపీలో మొదలయిన ఆ కలయిక ఇచ్చట నిండుగా పండినది. అందమున కే లోటును లేదు. కాని దక్షిణాపథము నేలినవారి నగరికి ఇది చాలునా? ఇప్పుడందులో పురావస్తు శాఖవారి ప్రదర్శనశాల కలదు.

చెన్నపట్టణపు పట్టా ఈ మహలులోనే వ్రాయబడెనని ఊరివారు గర్వముగా చెప్పుదురు. ఆ గర్వమును కొంత తగ్గించుకొనవలసియున్నది. 1639లో ఇంగ్లీషువారికి ఆ పట్టా నిచ్చినది తీరప్రాంత మేలుచుండిన దామర్ల వేంకటాద్రి నాయకుడు. పట్టణమునకు వచ్చిన పేరు ఆయన తండ్రి చెన్నప్పది. శ్రీరంగరాయలు దానిని 1645లో స్థిరపఱచెను. సామంతుడు నేల నిచ్చివేయుట, ప్రభువు ఆఱేండ్లకు ఔననుట! ఆ మఱుసటి యేడే కోట గోల్కొండవారి వశమయినది.

పెద్దలు చెప్పు కథ మఱియొకటి కలదు. తిరుమలలో నైవేద్యపు ఘంట మ్రోగగానే, దారి పొడుగునను ఉన్న ఘంటామంటపములు ఒకటి విని ఒకటి మ్రోగుచు ఆ నాదమును కోట దాక తెచ్చెడివట. అది వినిన పిమ్మటనే రాయలు విస్తరి ముందు కూర్చుండెడివాడట.