పాడే నాటకం – వేసవి సాధన

మానవుడు తన సుఖదుఃఖాలను వ్యక్తం చేయడానికి ఎన్నుకొన్న మార్గాలు అనేకం. కథగా చెప్పాడు, పాటగా పాడాడు, ఆటగా ఆడాడు. ఈ మూడింటినీ ఒకే వేదికపై సమన్వయపరచిన ప్రక్రియ పాడే నాటకం. ఇందులో రాజు కోపం ఒక రాగంలో పలుకుతుంది. తల్లి శోకం మరొక రాగంలో కరుగుతుంది. మామూలు నాటకంలో సంభాషణ చేసే పనిని ఇక్కడ గానం చేస్తుంది. పాశ్చాత్యులు ఈ ప్రక్రియను ఒపెరా అన్నారు. ఇటాలియన్ భాషలో ఆ మాటకు పని, కృతి అని అర్థం. మన పండితులు దీనిని యక్షగానం అన్నారు. పల్లె ప్రజలు బాగోతం అని పిలుచుకొన్నారు. పేర్లు వేరైనా, పాత్ర తన మనసును పాటలో విప్పి చెప్పడమనే మూలసూత్రం ఒక్కటే.

ఈ రెండు సంప్రదాయాల చరిత్రను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక విశేషం కనిపిస్తుంది. ఇటలీ దేశంలోని ఫ్లారెన్స్ నగరంలో 16వ శతాబ్ది చివర కొందరు విద్వాంసులు, ప్రాచీన గ్రీకు నాటకాలు గానరూపంలో ఉండేవని విశ్వసించి, అటువంటి నాటకాన్ని మళ్ళీ సృష్టించాలని ప్రయత్నించారు. ఆ ప్రయత్నం నుంచే ఒపెరా పుట్టింది. మాంటెవెర్డి రచించిన 'ఓర్ఫియో' 1607లో మాంటువా రాజాస్థానంలో ప్రదర్శితమైంది. నేటికీ ఆ కృతిని ప్రపంచమంతటా ప్రదర్శిస్తున్నారు. సరిగా ఆ సంవత్సరాలలోనే మన దక్షిణదేశంలో తంజావూరు నాయకరాజులు తెలుగు యక్షగానాన్ని తమ ఆస్థానంలో పోషిస్తున్నారు. రఘునాథనాయకుని కుమారుడు విజయరాఘవనాయకుడు స్వయంగా యక్షగానకర్త. ఆ ఆస్థానంలోని రంగాజమ్మ 'మన్నారుదాసవిలాసం' అనే నాటకాన్ని రచించింది. ఒకరి విషయం మరొకరికి తెలియకుండానే, రెండు దూరదేశాల రాజసభలు ఒకే కాలంలో పాడే నాటకానికి పట్టం కట్టాయి.

తెలుగునాట ఈ కళకు మూలాలు నాయకరాజుల కాలం కంటె ప్రాచీనమైనవి. పాల్కురికి సోమనాథుడు 'పండితారాధ్య చరిత్ర'లో శ్రీశైలంలో శివరాత్రినాటి ఆటపాటలను విపులంగా వర్ణించాడు. శ్రీశైల క్షేత్రానికి పశ్చిమద్వారం అలంపురం, ఉత్తరద్వారం ఉమామహేశ్వరం. అలంపురం నేడు జోగులాంబ గద్వాల జిల్లాలోనూ, ఉమామహేశ్వరం నాగర్‌కర్నూల్ జిల్లాలోనూ ఉన్నాయి. ఆనాటి యాత్రికులు పాడుకొంటూ, ఆడుకొంటూ నడచిన దారులలో కొన్ని మన పాలమూరు నేలమీదుగానే సాగాయని దీనివల్ల గ్రహించవచ్చు. అనంతర కాలంలో గద్వాల, వనపర్తి, కొల్లాపురం సంస్థానాలు కవిపండితులను ఆదరించాయి. గద్వాలకు 'విద్వద్గద్వాల' అన్న ప్రశస్తి లభించింది. ఆస్థానాలలో అష్టావధానాలు, శాస్త్రచర్చలు జరుగుతుంటే, ఊరి నడిబొడ్డున బాగోతం నడిచేది. గద్వాల ప్రాంతంలోనే జన్మించిన సురవరం ప్రతాపరెడ్డి తన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'లో రాజుల యుద్ధాలకంటె ప్రజల ఆచారాలకు, వినోదాలకు పెద్దపీట వేయడం గమనింపదగినది. ఆ గ్రంథానికి 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. తెలుగు గ్రంథానికి ఆ గౌరవం దక్కడం అదే మొదలు.

పాడే నాటకానికి కళాకారుణ్ణి తయారు చేయడం సులభమైన పని కాదు. కచేరీ చేసే గాయకుడు ఒకచోట కూర్చుండి పాడుతాడు. మాటల నాటకంలోని నటుడు శ్రుతిలయల కట్టుబాటు లేకుండా మాట్లాడుతాడు. పాడే నాటకంలోని వ్యక్తి మాత్రం నడుస్తూ, ఆడుతూ, ఎదుటి పాత్రను గమనిస్తూ, శ్రుతి తప్పకుండా, అర్థం చెడకుండా పాడాలి. పాత్ర ఏడ్వవలసిన చోట గొంతు పూడిపోకూడదు. ఏడుపు మాత్రం ప్రేక్షకునికి అందాలి. ఈ నేర్పు గదిలో కూర్చుండి చేసే సాధనతో సగమే అలవడుతుంది. తక్కిన సగం జనం ఎదుట నిలబడినప్పుడే వస్తుంది. అందుచేత ఈ కళ బ్రతికిన ప్రతిచోటా యువకుల సాధన ఒక నిర్ణీత దినాన జరిగే ప్రదర్శనతో ముడిపడి ఉంటుంది. ఆ ప్రదర్శనకు ఎక్కువగా వేసవికాలమే అనుకూలమైంది.

పాశ్చాత్య దేశాలలో పెద్ద ఒపెరా సంస్థల ప్రధాన ప్రదర్శనలు సాధారణంగా శరత్తులో ఆరంభమై వసంతం వరకు సాగుతాయి. వేసవిలో అనేక రంగశాలలకు విరామం; విద్యార్థులకు సెలవులు. ఆ ఖాళీ కాలంలోనే యువగాయకుల కోసం శిక్షణోత్సవాలు వెలిశాయి. అమెరికాలోని న్యూమెక్సికో రాష్ట్రంలో జాన్ క్రాస్బీ స్థాపించిన సాంటా ఫే ఒపెరా 1957 వేసవిలో తొలి ప్రదర్శనలిచ్చింది. ఆరంభం నుంచీ ఆ సంస్థ యువగాయకులను శిక్షణకు చేర్చుకొంటున్నది. వారు బృందగానంలో పాడుతారు. చిన్న పాత్రలు ధరిస్తారు. ప్రధాన పాత్రధారికి అనారోగ్యం కలిగితే ఆ స్థానంలో నిలబడేందుకు పెద్ద పాత్రలను కూడా నేర్చుకొని సిద్ధంగా ఉంటారు. అదే 1957లో శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో మెరోలా పేరుతో మరొక వేసవి శిక్షణ మొదలైంది. ఇటువంటి చోట్ల స్వరసాధనతోపాటు ఉచ్చారణకు కూడా గురువులుంటారు. ఇంగ్లీషు మాతృభాషగా గల గాయకుడు ఇటాలియన్, జర్మన్, ఫ్రెంచి పదాలను ఆయా దేశాల శ్రోతలు అంగీకరించే రీతిలో పలకవలసి ఉంటుంది. అర్థం తెలియని పదానికి భావం పలికించడం అసాధ్యం కనుక, అక్కడ భాషాశిక్షణ సంగీతశిక్షణలో అంతర్భాగం.

పరభాషలో పాడవలసి రావడం, వేసవిలో ఉత్సవం జరగడం – ఈ రెండు లక్షణాలూ గల తెలుగు నాటకోత్సవం ఒకటి తమిళనాడులో ఉంది. అది తంజావూరు సమీపంలోని మేలట్టూరులో జరిగే భాగవతమేళ. అచ్యుతప్ప నాయకుడు 500కు పైగా బ్రాహ్మణ కుటుంబాలకు ఇండ్లు, భూములు దానమిచ్చి ఇక్కడ స్థిరపరచాడని ప్రతీతి. ఆ కుటుంబాలతోపాటు తెలుగు నాటకమూ కావేరీతీరానికి చేరింది. త్యాగరాజస్వామికి సమకాలికుడైన మేలట్టూరు వెంకటరామశాస్త్రి ఈ సంప్రదాయానికి 'ప్రహ్లాద చరిత్రము', 'ఉషాపరిణయము', 'మార్కండేయ చరిత్రము', 'హరిశ్చంద్ర' మొదలైన తెలుగు నాటకాలను సమకూర్చాడు. త్యాగరాజస్వామి సైతం 'ప్రహ్లాద భక్తి విజయము', 'నౌకాచరిత్రము' అనే గేయనాటకాలను రచించాడన్న సంగతి ఇక్కడ స్మరింపదగినది.

వైశాఖ శుద్ధ చతుర్దశి నృసింహజయంతి. ప్రతి ఏటా ఆ రోజులలో, అంటే సాధారణంగా మే నెలలో, మేలట్టూరు వరదరాజస్వామి ఆలయం ఎదుట నాటకాలు జరుగుతాయి. రాత్రి పొద్దుపోయాక మొదలైన ప్రదర్శన తెల్లవారే దాకా సాగుతుంది. మొదట కోణంగి అనే హాస్యపాత్ర వచ్చి ప్రేక్షకులను నవ్వించి సద్దుమణిగేటట్లు చేస్తుంది. పిమ్మట గణపతి ముఖం ధరించిన చిన్న బాలుడు ప్రవేశించి ఆశీర్వదిస్తాడు. ఆపై ప్రతి పాత్రా తన ప్రవేశదరువుతో రంగం మీదికి వస్తుంది. దరువు, ద్విపద, కందం, సీసం, చూర్ణిక, సంధివచనం – ఈ రచనాభేదాలన్నీ ఒకే నాటకంలో వినవచ్చు. నరసింహుని ముఖానికి నిత్యపూజ జరుగుతుంది. దానిని ధరించే వ్యక్తి ఆనాడు ఉపవాసం ఉంటాడు.

ఈ నటులలో అధికులు నటనను వృత్తిగా స్వీకరించినవారు కారు. కార్యాలయాలలో, బ్యాంకులలో, ఇతర నగరాలలో ఉద్యోగాలు చేసుకొంటూ ఉత్సవానికి సెలవు పెట్టి స్వగ్రామం చేరుకొంటారు. పిల్లలు పెద్దలవద్ద గురుముఖంగా నేర్చుకొంటారు. గణపతిగా రంగమెక్కిన పిల్లవాడు కొన్నేళ్లకు ప్రహ్లాదుడవుతాడు; గొంతు మారాక స్త్రీపాత్రకో, రాజుపాత్రకో చేరుకొంటాడు. ఒక్కొక్క వయసుకు ఒక్కొక్క పాత్ర నిర్ణయమై ఉన్నందువల్ల నాటకమే పాఠశాలగా, పాత్రలే తరగతులుగా రూపొందాయి. వీధిలోనూ బడిలోనూ తమిళం మాట్లాడే ఈ బాలురు పాట కోసం తెలుగును కంఠస్థం చేస్తున్నారు. 20వ శతాబ్ది పూర్వార్ధంలో ఈ సంప్రదాయం క్షీణించినప్పుడు, కళాభిమాని ఇ. కృష్ణయ్యర్ వంటివారు లోకం దృష్టిని దానివైపు మళ్ళించారు. కావేరీతీరంలోని మరికొన్ని గ్రామాలలో కూడా భాగవతమేళ ఉండేది. నిలకడగా పేరు నిలుపుకొన్నది మాత్రం మేలట్టూరే. 

తెలుగునాట కూచిపూడి గ్రామమూ ఇటువంటి నియమం మీదనే నిలిచింది. అక్కడి బ్రాహ్మణ కుటుంబాలలో పుట్టిన ప్రతి బాలుడూ జీవితంలో ఒక్కసారైనా 'భామాకలాపం'లోని సత్యభామ వేషం కట్టాలని సిద్ధేంద్రయోగి నియమం విధించాడని సంప్రదాయం చెబుతున్నది. సురభి నాటకసమాజం మరొక మార్గం చూపింది. 1885లో కడప ప్రాంతంలోని సురభి గ్రామంలో 'కీచకవధ'తో మొదలైన ఈ కుటుంబ నాటకశాలలో పిల్లలు రంగస్థలం మీదనే పెరిగారు. మేలట్టూరులోనూ, పాత కూచిపూడిలోనూ పురుషులే స్త్రీపాత్రలు ధరిస్తే, సురభిలో స్త్రీల పాత్రలను స్త్రీలే పోషించారు. కళను ఒక కులానికో, స్త్రీపురుషులలో ఒకరికో పరిమితం చేస్తే అది భద్రంగా ఉంటుందనుకోవడం పొరపాటని సురభి చరిత్ర నిరూపించింది.

మన పాలమూరు పల్లెల బాగోతం వీటన్నిటికంటె విశాలమైన వాకిలి గలది. తెలంగాణలో ఈ కళను కులవృత్తిగా నిలిపినవారు చిందు భాగవతులు. చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ పురస్కారం లభించింది. వీరితోపాటు పల్లెలలో వ్యవసాయదారులు, చేతివృత్తులవారు కూడా బాగోతం నేర్చారు. పంట చేతికి వచ్చి పనులు తగ్గాక, ఊరి యువకులు కలిసి ఒక గురువును పిలిపించుకొనేవారు. పగలు ఎవరి పని వారు చేసుకొని, రాత్రి దీపం వెలుగులో దరువులు వల్లించేవారు. అక్షరం రానివాడు సైతం విని వందల చరణాలు నోటికి తెచ్చుకొనేవాడు. నెలల తరబడి సాధన చేశాక, ఊరందరి ఎదుట 'హరిశ్చంద్ర'నో, 'సారంగధర'నో ప్రదర్శించేవారు. మద్దెల, తాళాలు, హార్మోనియం తోడుండగా, ఇద్దరు పట్టుకొన్న తెర వెనుకనుంచి తొలి దరువు వినిపించగానే, నిన్నటిదాకా నాగలి పట్టిన యువకుడు రాజై నిలిచేవాడు. మైకు లేని ఆ రోజులలో చివరి వరుసలోని వృద్ధురాలికి కూడా మాట వినిపించాలి. వినిపించకపోతే ఆమె అక్కడికక్కడే చెప్పేది. అంతకంటె కఠినమైన పరీక్ష మరొకటి లేదు.

ఈనాడు ఆ రాత్రులు తరిగిపోతున్నాయి. వలస వెళ్ళిన యువకులు పంట చేతికి వచ్చినప్పుడు ఊళ్ళో ఉండరు. ఉన్నవారికి వినోదం అరచేతిలోని తెరపై దొరుకుతున్నది. గురువు ఉన్నా శిష్యుడు లేడు. శిష్యుడు దొరికినా ప్రదర్శనకు తేదీ లేదు. నాగర్‌కర్నూల్ జిల్లాకు చెందిన దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చినప్పుడు పన్నెండు మెట్ల కిన్నెర పేరు దేశమంతటా మారుమ్రోగింది. పాలమూరు వీరుడు పండుగ సాయన్న కథను కిన్నెరపై పాడి వినిపించిన గాయకుడాయన. బిరుదు కళాకారుణ్ణి గౌరవిస్తుంది. ఆ పాట మరుసటి తరానికి చేరాలంటే బిరుదుతోపాటు నేర్చుకొనే యువకుడు, నేర్పే గురువు, వినే ఊరు ఒకచోట కలవాలి. సాంటా ఫేలోనైనా, మేలట్టూరులోనైనా, మన ఊరి గుడి ముందరనైనా జరిగేది అదే.

జూనియర్ కళాశాల విద్యార్థికి పరీక్షలు ముగిశాక వేసవి సెలవులు ఉంటాయి. ఊరిలో దరువులు తెలిసిన పెద్దలు ఇంకా కొందరు మిగిలి ఉన్నారు. వారి దగ్గరకు వెళ్ళి ఒక పాత్రను విని వ్రాసికొని, అర్థం తెలుసుకొని, ఊరి జాతరనాటికి పాడగలిగితే, అంతమేరకు ఆ కళకు ఒక ఏడాది ఆయుష్షు పెరిగినట్లే. తమిళం మాట్లాడే మేలట్టూరు బాలుడు ప్రతి వేసవిలోనూ తెలుగు నేర్చి పాడుతున్నాడు. తెలుగు మాట్లాడుతూ పెరిగిన మనకు ఆ పని మరింత సులభం కావాలి.