మూట విప్పుకునే చోటు

ఇల్లు అనగానే మనకు ముందుగా జ్ఞాపకం వచ్చేవి గోడలు, గుమ్మం, పైకప్పు. అయితే ఊరు విడిచి వెళ్లవలసి వచ్చినప్పుడు ఇవేవీ మన వెంట రావు. అప్పుడు ఇల్లంటే ఏమిటి? దక్షిణ కొరియాకు చెందిన కిమ్‌సూజా అనే కళాకారిణి ఈ ప్రశ్నను ఒక వీడియో ద్వారా మన ముందుంచారు.

ఆమె 1957లో జన్మించారు. తండ్రి సైనికోద్యోగి కావడం వలన ఆ కుటుంబం ఎన్నో ఊళ్లు మారింది. 1997లో ఆమె ఒక లారీ నిండా రంగురంగుల దుప్పటి మూటలు వేయించి, వాటిపై కూర్చుని, తాను నివసించిన ఊళ్ల మీదుగా 11 రోజులలో 2,727 కిలోమీటర్లు ప్రయాణించారు. ఆ ప్రయాణమే వీడియో అయింది. అందులో ఆమె వీపు మాత్రమే మనకు కనబడుతుంది. రోడ్లు, కొండలు, ఊళ్లు కదిలిపోతుంటాయి. ఆమె మాత్రం కదలరు.

మూటలోని ఇల్లు

ఆ దుప్పట్లు కొత్తవి కావు, ఎవరో వాడి విడిచినవి. కొరియాలో కొత్త దంపతులకు ఇటువంటి దుప్పట్లు ఇస్తారు. సంతోషానికి, దీర్ఘాయువుకు, సంతాన సమృద్ధికి గుర్తులు వాటిపై కుట్టి ఉంటాయి. మనిషి పుట్టేది, నిద్రించేది, జబ్బుపడేది, చివరకు కన్నుమూసేది పడక మీదనే గదా! అందుచేత ఆ గుడ్డలో ఒక సంసారమంతా ఇమిడి ఉన్నది.

కాని మూటకు మరొక అర్థమూ ఉన్నది. మూట కట్టడమంటే ఉన్నచోటు విడిచిపోవడమని కొరియావారు అంటారు. మనమును ‘మూటాముల్లె సర్దుకున్నాడు’ అంటాము. 1999లో వెనిస్ నగరపు కళాప్రదర్శనలో ఆమె మూటల లారీని నిలిపి, కొసొవో యుద్ధంలో ఇళ్లు కోల్పోయిన శరణార్థులకు దానిని అంకితమిచ్చారు. లారీ ఎదుట పెద్ద అద్దం ఉంచారు.

మన ఇంటి సంగతి

ఆ అద్దంలోకి మనమును ఒకసారి చూద్దాం. నలుగురు కొడుకులున్న తల్లి వంతుల ప్రకారం మూడేసి నెలలు ఒక్కొక్క ఇంట ఉంటున్నది. ఆమెకు నాలుగు కప్పులున్నాయి, భోజనానికి లోటు లేదు. కాని ఆమె చీరలు ఎప్పుడూ సంచిలోనే ఉంటాయి. మందులు, కళ్లజోడు, భర్త ఫోటో కూడా అందులోనే. వంతు ఎప్పుడు ముగుస్తుందో ఆమెకు తెలుసు గనుక విప్పదు.

కిమ్‌సూజా మూటలు మనకు నేర్పేది ఇదే. మనిషి తన ఇంటిని మూటలో మోయగలడు. అయితే దానిని విప్పుకునే చోటు మరొకరు ఇవ్వవలసి ఉంటుంది. అత్తవారింటికి వచ్చిన కోడలికైనా, పని వెదుక్కుంటూ మన వీధికి వచ్చిన కూలివానికైనా ఇది అంతే నిజం.

కాబట్టి పాఠకులారా, మన అమ్మ సంచి ఏ మూలన ఉన్నదో ఈ పూట చూద్దాం. బీరువాలో ఒక అర ఖాళీ చేసి, “అమ్మా, నీ చీరలు ఇందులో పెట్టుకో” అందాం. నాన్న ఫోటోకు గోడమీద ఒక మేకు కొడదాం.