షేవింగ్ సబ్బు నురగ రావట్లేదా..? కంపెనీ మార్చే ముందు కుళాయి నీళ్లు చెక్ చేయండి!

పొద్దున్నే అద్దం ముందు నిలబడి బ్రష్ ఎంత తిప్పినా నురగ రాదు.. వచ్చినా రెండు గీతలు గీసేలోపే ఆరిపోతుంది. ఆ తర్వాత మెడ మీద మంట, గడ్డం కింద ఎర్రటి పొక్కులు. "ఈ సబ్బు బాలేదు" అని వారం తిరక్కుండానే ఇంకోటి కొనేస్తారు. దాంతోనూ అదే కథ. మండపేట లాంటి గోదావరి డెల్టా ఊళ్లలో చాలామంది మగవాళ్లకు ఇది అలవాటైన తంతే. కానీ ప్రతిసారీ తప్పు సబ్బుది కాదు. నురగ రావాలంటే నీళ్లు కుదరాలి, మంట పుట్టకుండా ఉండాలంటే సబ్బు చర్మానికి కుదరాలి. ఈ రెండూ వేర్వేరు లెక్కలు. ముందు ఏది తేడా కొడుతోందో తెలిస్తే డబ్బూ మిగులుతుంది, చర్మమూ మిగులుతుంది.

ఒకే సబ్బు.. సంక్రాంతికి ఒకలా, మే నెలలో ఇంకోలా!

1852లో ధవళేశ్వరం దగ్గర సర్ ఆర్థర్ కాటన్ కట్టించిన ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి ఈ డెల్టాకు కాలువ నీళ్లే ప్రాణం. సాగుకే కాదు, ఊళ్ల చెరువులు నిండేదీ, కుళాయిల్లోకి వచ్చేదీ ఎక్కువగా ఆ నీరే. నది నీరు సాధారణంగా బోరు నీటి కన్నా మెత్తగా ఉంటుంది.. అంటే అందులో కాల్షియం, మెగ్నీషియం తక్కువ. అందుకే సబ్బు ఇట్టే నురగ కడుతుంది.

ఎండాకాలంలో మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తారు. అప్పుడు చాలా ఇళ్లలో బోరు మోటారే దిక్కు. భూమి పొరల్లోంచి వచ్చే ఆ నీటిలో ఖనిజాలు ఎక్కువ కలిసే అవకాశం ఉంది. ఇంకా కిందికి, కోనసీమ తీర గ్రామాల వైపు వెళ్తే చాలాచోట్ల బోర్లలో ఉప్పదనం కూడా తగులుతుంది. సంక్రాంతికి బాగా నురగ ఇచ్చిన సబ్బు మే నెలలో మొండికేసిందంటే, మారింది సబ్బు కాదు.. బకెట్లో నీళ్లు!

నురగ ఎందుకు చచ్చిపోతుంది?

సబ్బు అంటే నూనెలోని కొవ్వు ఆమ్లాలు సోడియంతోనో, పొటాషియంతోనో కలిసిన పదార్థం. అది కఠిన జలంలో పడగానే కాల్షియం, మెగ్నీషియం దాన్ని పట్టేసుకుంటాయి. నీటిలో కరగని తెల్లటి తెట్టులా మార్చేస్తాయి. బకెట్ అంచున, బాత్‌రూమ్ గోడ మీద జిడ్డుగా పేరుకునేది అదే. నీటిలోని ఖనిజాలు తమ వాటా సబ్బును తినేశాక, మిగిలిన సబ్బే నురగ అవుతుంది. ఖనిజాలు ఎక్కువైతే ఆ మిగిలేది తక్కువ. అంతే లెక్క.

తాగే నీటికి భారతీయ ప్రమాణాల సంస్థ పెట్టిన కఠినత్వం పరిమితి లీటరుకు 200 మిల్లీగ్రాములు. వేరే నీటి వనరు లేని చోట 600 వరకు ఒప్పుకుంటారు. అంటే తాగడానికి పనికొచ్చే నీళ్లలోనూ సబ్బు సరిగ్గా నురగ రాకపోవచ్చన్నమాట.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. గోదావరి ఎర్రనీరు వచ్చినప్పుడు పటిక తిప్పితే బురద కిందికి దిగి నీళ్లు తేటపడతాయి. అయితే పటిక బురదను దించుతుంది కానీ కఠినత్వాన్ని తీసేయదు. తేటగా కనిపించే నీరు మెత్తని నీరే అనుకోవద్దు.

రెండు సీసాలతో ఇంట్లోనే టెస్ట్

దీనికి ల్యాబ్ అక్కర్లేదు. మూతలున్న ఒకే సైజు ప్లాస్టిక్ సీసాలు రెండు తీసుకోండి. ఒకదాంట్లో పావు వంతు కుళాయి లేదా బోరు నీళ్లు, రెండోదాంట్లో అంతే ఆర్‌ఓ ప్లాంట్ నీళ్లు లేదా పట్టి ఉంచిన వాన నీళ్లు పోయండి. షేవింగ్ సబ్బును చాకుతో చెక్కి, శనగ గింజంత ముక్క రెండింట్లోనూ వేయండి. కాసేపు నాననిచ్చి, చెరో ఇరవై సార్లు గట్టిగా ఊపి, ఐదు నిమిషాలు పక్కన పెట్టండి.

ఆర్‌ఓ సీసాలో నురగ నిలబడి, బోరు సీసాలో పలచగా ఉండి నీళ్లు పాల రంగులోకి మారితే.. దోషం నీళ్లదే. రెండింట్లోనూ నురగ రాకపోతే అప్పుడు సబ్బును అనుమానించాలి. రెండింట్లోనూ బాగా వస్తే, తేడా మీరు బ్రష్ తిప్పే పద్ధతిలో ఉంది.

నీళ్ల దోషమైతే పరిష్కారం చవకే. గడ్డానికి కావాల్సింది చెంబుడు నీళ్లు. తాగడానికి తెచ్చుకునే క్యాన్ నుంచి అర లీటరు తీసి గోరువెచ్చగా చేసుకుంటే చాలు. బోరు నీళ్లు మరిగించి, చల్లారాక పైతేట వంపుకొన్నా కొంత కఠినత్వం తగ్గుతుంది. అయితే అన్ని రకాల ఖనిజాలూ మరిగిస్తే పోవు, ఉప్పదనం అసలే పోదు.

ఒంటి సబ్బుతో గీసుకుంటే ఏమవుతుంది?

"నురగే కదా, స్నానం సబ్బుతోనూ వస్తుంది" అనేవాళ్లు ప్రతి ఇంట్లో ఉంటారు. వస్తుంది. కానీ ఆ బుడగలు పెద్దవి, త్వరగా పగిలిపోతాయి. షేవింగ్‌కు కావాల్సింది బుడగలు కాదు.. మీగడలా చిక్కగా, జారుడుగా ఉండి, వెంట్రుకను తడిగా పట్టి ఉంచే నురగ. బ్లేడుకీ చర్మానికీ మధ్య ఉండే పొర అదే.

ఆ చిక్కదనం ఎక్కువగా స్టియరిక్ ఆమ్లం వల్ల వస్తుంది. మంచి షేవింగ్ సబ్బుల్లో ఇది బాగా ఉంటుంది. దానికి సోడియంతో పాటు పొటాషియం కూడా కలిపితే సబ్బు త్వరగా కరుగుతుంది. గ్లిజరిన్ తేమను పట్టి ఉంచుతుంది. అందుకే కొనేటప్పుడు ప్యాకెట్ వెనక స్టియరిక్ యాసిడ్ లేదా పొటాషియం స్టియరేట్, గ్లిజరిన్ అనే పేర్లు మొదటి వరుసల్లో ఉన్నాయేమో చూడండి. ఎక్కువ మోతాదులో ఉన్నదాన్ని సాధారణంగా ముందు రాస్తారు.

మరి కొబ్బరి నూనె సబ్బు సంగతేంటి? గోదావరి జిల్లాల వాళ్లకు ఇది సొంతింటి సరుకు లాంటిది. కొబ్బరి నూనెలో దాదాపు సగం లారిక్ ఆమ్లమే. దాని సబ్బు ఉప్పు నీటిలోనూ నురగ ఇస్తుంది. కానీ ఆ నురగ పలచన, పైగా ఎక్కువైతే చర్మం బిగుసుకుపోతుంది. షేవింగ్ సబ్బులో కొబ్బరి నూనె కొంత ఉంటే మంచిదే, అదొక్కటే ఉంటే గీతకు నిలబడదు.

ఒంటి సబ్బుల మీద కనిపించే టీఎఫ్ఎం అంకె చూసి కూడా మోసపోవద్దు. మొదటి రకం స్నానం సబ్బుకు అది 76 శాతం ఉండాలి. ఆ అంకె మొత్తం కొవ్వు పదార్థాన్ని చెబుతుంది.. గీసుకోవడానికి పనికొస్తుందో లేదో చెప్పదు. జంతువుల కొవ్వు వద్దనుకునేవాళ్లు సోడియం టాలోయేట్ అన్న పేరుందేమో చూసుకోవాలి.

మీ చర్మానికి ఏది?

మన చర్మం కాస్త ఆమ్ల గుణంతో ఉంటుంది. పీహెచ్ సుమారు 5. నిజమైన సబ్బు ఏదైనా క్షార గుణంతో 9, 10 దగ్గర ఉంటుంది. చాలామందికి దీంతో ఇబ్బంది ఉండదు. కొందరికి మాత్రం చర్మం పొడిబారి మంట మొదలవుతుంది.

* పొడి చర్మం: గ్లిజరిన్ ఎక్కువున్న సబ్బు లేదా క్రీము. నురగను ముఖం మీద ఆరనివ్వొద్దు. గీసుకున్నాక వాసన లేని మాయిశ్చరైజర్ రాయాలి.
* జిడ్డు చర్మం: మామూలు షేవింగ్ సబ్బు సరిపోతుంది. చెమట పోసే రోజుల్లో ముందు ముఖం కడుక్కుని మొదలుపెట్టాలి.
* త్వరగా కందిపోయే చర్మం: ఘాటు సెంట్లు, మెంథాల్ ఉన్నవి పక్కన పెట్టాలి. చల్లగా అనిపించడం వేరు, చర్మానికి పడడం వేరు.
* ఉంగరాల గడ్డం: వెంట్రుక తిరిగి చర్మంలోకి పెరిగి పొక్కులు కడుతుంది. ఇది సబ్బు మారిస్తే పోదు. చర్మాన్ని లాగి పట్టి నున్నగా గీయడం మానాలి.

కొత్త సబ్బు నేరుగా ముఖానికి పెట్టేయకుండా, దాని నురగను మోచేతి లోపలి వైపు ఐదు నిమిషాలు ఉంచి కడిగేయండి. వారం రోజులు అలా చేసినా దురద, ఎరుపు రాకపోతే ముఖానికి వాడొచ్చు.

నురగ పట్టించే పద్ధతి ఇదీ..

గడ్డం గీసుకోవడానికి స్నానం తర్వాతే మంచి సమయం. లేదంటే గోరువెచ్చని నీళ్లతో రెండు మూడు నిమిషాలు గడ్డం తడపాలి. నానిన వెంట్రుక సులువుగా తెగుతుంది. బ్రష్‌ను నీళ్లలో నానబెట్టి, బాగా విదిలించి, సబ్బు మీద అర నిమిషం తిప్పండి. ఆ తర్వాత ముఖం మీదో, గిన్నెలోనో తిప్పుతూ నీళ్లు చుక్క చుక్కగా కలపాలి. చాలామంది చేసే తప్పు ఒక్కటే.. ముందే నీళ్లు ఎక్కువ పోసేయడం. బోరు నీళ్లే గతి అయితే సబ్బు కాస్త ఎక్కువ, నీళ్లు తక్కువ వాడాలి.

నురగ సరిగ్గా కుదిరిందా అన్నది తెలుసుకోవాలంటే వేళ్ల మధ్య రుద్దండి. జారాలి, పొడిగా తగలకూడదు. రెండు నిమిషాలైనా బుడగలు పగలకుండా నిలబడాలి. గీసేటప్పుడు వెంట్రుక పెరిగిన దిశలోనే గీయాలి. వాడి పారేసే రేజర్లను ఐదు నుంచి ఏడు సార్ల తర్వాత మార్చాలని అమెరికా చర్మ వైద్యుల అకాడమీ చెబుతోంది. మొద్దుబారిన బ్లేడుకు ఎంత మంచి నురగ వేసినా మంట తప్పదు.

సెలూన్‌కు వెళ్తున్నారా? ఇవి అడగండి

కొత్త బ్లేడు మీ కళ్ల ముందే విప్పాలి. ఇది మొహమాటపడే విషయం కాదు. హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, హెచ్ఐవీ రక్తం ద్వారా సోకేవే. అందరికీ ఒకటే పటిక రాయి రుద్దడం కూడా మంచిది కాదు, కోసుకున్న చోట రుద్దేది అదే కదా. సబ్బు పడని చర్మమైతే మీ సబ్బు, మీ బ్రష్ వెంట తీసుకెళ్లండి.

ఆ క్రీము జోలికి మాత్రం పోవద్దు!

మంట, దురద రాగానే మెడికల్ షాపులో "ఏదైనా క్రీము ఇవ్వండి" అని అడగడం చాలాచోట్ల అలవాటు. అలా కొనే కొన్ని కలగలుపు క్రీముల్లో స్టెరాయిడ్ ఉంటుంది. రెండు రోజులు హాయిగా ఉంటుంది. కానీ అది తామర లాంటి ఫంగస్ అయితే లోలోపల ముదిరిపోతుంది. ముఖం చర్మం పలచబడుతుంది. గుండ్రంగా పాకే దురద మచ్చలు, చీము పొక్కులు, రెండు వారాలైనా తగ్గని ఎరుపు కనిపిస్తే గీసుకోవడం ఆపి చర్మ వైద్యుడి దగ్గరికి వెళ్లాలి.

మొత్తానికి వరుస గుర్తుపెట్టుకోండి. నురగ రాకపోతే ముందు నీళ్లు చూడండి, తర్వాత బ్రష్ తిప్పే పద్ధతి, చివరికి సబ్బు. మంట పుడితే ముందు బ్లేడు, గీసే దిశ.. ఆ తర్వాత సబ్బులోని సెంటు. ఈ వరుసలో వెళ్తే ఇంట్లో మూలన పడేసిన పాత సబ్బే మళ్లీ పనికి రావచ్చు!

(గమనిక: ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. చర్మ సమస్య ఉన్నవారు వైద్యుడిని సంప్రదించి నిర్ణయం తీసుకోవాలి.)