కంప్యూటరుకీ ఓ పోపుల డబ్బా

సంక్రాంతికి సకినాలు చేయాలంటే ఏటా కొలతలు కొత్తగా కనిపెడతామా? అత్తగారు చెప్పగా రాసుకున్న నోటుపుస్తకం తీస్తాం. సూర్యాపేటలోనో, కోదాడలోనో ఇంజనీరింగు చదివే మన ఆడపిల్లలకూ అలాంటి పుస్తకం ఒకటుండాలి. వంటలది కాదు లెండి, ప్రోగ్రాము ముక్కలది. వాళ్ళు వీటిని ‘కోడ్ స్నిపెట్లు’ అంటారు. నాలుగైదు వరుసలుంటాయంతే. ఒకసారి సరిగ్గా రాసిపెట్టుకుంటే పదిచోట్ల పనికొస్తాయి.

ఉదాహరణకి తేదీ. 05-06 అంటే మనకు జూన్ అయిదు, అమెరికా వాళ్ళకు మే ఆరు. దాన్ని మన పద్ధతికి మార్చేది ఒక ముక్క. 150,000ని మన లెక్కలో 1,50,000గా చూపించేది ఇంకొకటి.

ఈ అలవాటు కొత్తదేం కాదు. 1944లో హార్వర్డ్‌లో మార్క్-1 అనే గదంత యంత్రం మీద పనిచేసిన గ్రేస్ హాపర్ అనే లెక్కల టీచరమ్మ, ఆమె తోటివాళ్ళు పనికొచ్చే ముక్కల్ని నోటుపుస్తకాల్లో దాచుకుని, ఒకరివి ఒకరు చూసి రాసుకునేవారు. చిక్కల్లా అక్కడే! చేతిరాతలో ‘బి’ అక్షరం 13లా కనబడేది. లెక్క తప్పేది. విసిగిపోయి, 1952 నాటికి ఆ ముక్కల్ని యంత్రమే వెతికి అతికించుకునే ఏర్పాటు చేసిందామె. మన వంటల పుస్తకంలో ‘చెంచా’ని ‘చెంబు’ అని చదువుకున్నట్టే కదూ!

గుడ్డిగా ఎత్తిరాస్తే ఇంకో ముప్పుంది. మిర్యాలగూడలో రైసుమిల్లులెన్నో మీకు తెలుసు. రైతుల జాబితాలో రెండుసార్లు పడ్డ పేరు తీసేసే ముక్క ఉందనుకోండి. ఒకే ఊళ్ళో ఇద్దరు వెంకన్నలుంటే? రెండో వెంకన్న వడ్ల డబ్బు గల్లంతే! పేరుతోపాటు ఫోను నంబరూ చూడమని ముక్కలోనే రాయాలి. ఇప్పుడు అడిగితే కంప్యూటరే ప్రోగ్రాము రాసిపెడుతోంది, నిజమే. ఇద్దరు వెంకన్నల సంగతి మాత్రం మనమే చెప్పాలి.

ప్రతి ముక్క పైనా అదేం చేస్తుందో, ఎప్పుడు పరీక్షించిందో ఒక వరుస రాసుకోమనండి. పాస్‌వర్డులు మాత్రం అందులో రాయొద్దు. కాన్పుకని ఉద్యోగం మానితే ఆఫీసు కంప్యూటరు తిరిగి ఇచ్చేయాలి. కంపెనీ ప్రోగ్రాములు ఇంటికి తెచ్చుకోకూడదు కూడా. అందుకే సొంతంగా నేర్చుకున్నవి ఇంట్లో విడిగా రాసుకుంటే, రెండేళ్ళ తర్వాత మళ్ళీ ఇంటర్వ్యూకి కూర్చున్నప్పుడు తిరగేసుకోవడానికి చేతిలో ఉంటాయి.