నీటికీ ఉండాలి జమాఖర్చుల పద్దు

పంట ఇంటికొస్తే బస్తాలు లెక్కిస్తాం. అమ్మితే రూపాయలు లెక్కిస్తాం. మరి ఆ పంట కోసం నేల అడుగునుంచి తోడిన నీటికి లెక్క ఏది?

ఆ లెక్క కూడా రైతులే కట్టగలరని రుజువైంది. 2003లో మొదలైన రైతుల భూగర్భజల యాజమాన్య పథకం కింద, మన అనంతపురంతో సహా నాటి ఉమ్మడి రాష్ట్రంలోని ఏడు కరువు జిల్లాల పల్లెల్లో రైతులే వానను కొలిచారు. పదిహేను రోజులకొకసారి బోర్లలో నీటిమట్టం చూసి రాసుకున్నారు.

ఎకరంపై ఒక్క మిల్లీమీటరు వాన పడితే సుమారు 4 వేల లీటర్ల నీరు. అందులో భూమిలోకి ఇంకేది కొంతే. అందుకే రబీకి ముందు ఊరంతా కూర్చుని, ఉన్న నీరెంత, వేయబోయే పంటలకు కావలసిందెంత అని లెక్క చూశారు. పలువురు వరి తగ్గించి ఆరుతడి పంటలకు మళ్ళారు. ఎవరి నిర్బంధమూ లేదు. లెక్కే దారి చూపింది.

దిగుబడి పెరిగి, నీటిమట్టం దిగిపోతే అది అభివృద్ధి కాదు, అసలు తిని బతకడం. బోరు మీద బోరు వేసి అప్పులపాలైన కుటుంబాలు మన పల్లెలకు కొత్త కాదు. విత్తనం కొనేముందే బోరులో నీటిమట్టం చూసుకోవడం రైతుకు మేలు.