వీసా తిరస్కరణ: దాని అర్థం, అటుపై కర్తవ్యం

కొడుకునో కూతురినో చూచి, మనుమలను ఎత్తుకొని, రెండు మూడు నెలలు ఉండి వద్దామని దరఖాస్తు పెట్టుకొన్న తల్లిదండ్రులకు వీసా తిరస్కరింపబడటం ఈనాడు తెలుగు కుటుంబాలలో అరుదైన సంగతి కాదు. ఆ కబురు తెలిసిన దినాన ఇంట అలముకొనే నిస్పృహలో చాలాభాగం, ఆ తిరస్కరణకు అర్థమేమిటో తెలియకపోవటం వల్ల కలుగుతున్నది. “మన మాట మీద వారికి నమ్మకం లేదా?” అని పెద్దలు నొచ్చుకొంటారు. “ఏ కాగితం తక్కువైనది?” అని పిల్లలు వెదకుతారు. సాధారణంగా ఈ రెండు ప్రశ్నలూ అసలు విషయాన్ని తాకవు. తిరస్కరణ అనగా ఏమిటి, దాని తరువాత చేయదగినదేమిటి, చేయరానిదేమిటి అన్నది పాఠకులకు విశదపరచాలని మా ఉద్దేశం.

హైదరాబాదుకు పడమట ఉన్న రాయదుర్గం ప్రాంతపు కుటుంబాలకు ఈ సంగతి మరీ దగ్గరిది. మేము చెప్పుచున్నది అనంతపురం జిల్లాలోని కోట ఊరు రాయదుర్గం కాదు. సైబరాబాదు నడుమ ఉన్న రాయదుర్గం. 1998 నవంబరు 22న సమీపంలోని మాదాపూరులో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత ఈ చుట్టుపక్కల రాళ్ళగుట్టల స్థానంలో కంప్యూటరు సంస్థల భవనాలు లేచినవి. వాటిలో పనిచేసిన యువకులు ఎందరో అమెరికాకు, ఇతర దేశాలకు తరలిపోయినారు. నాగోలు నుండి వచ్చే మెట్రో రైలు 2019 నవంబరు 29 నుండి రాయదుర్గం వరకు నడుస్తున్నది. దానికి ముందరి స్టేషనైన హైటెక్ సిటీలో అమెరికా వీసాకు వేలిముద్రలు, ఛాయాచిత్రం ఇచ్చే కేంద్రాన్ని 2023లో నెలకొల్పినారు. 2008లో బేగంపేటలోని పైగా ప్యాలెస్‌లో ప్రారంభమైన అమెరికా కాన్సులేటు 2023 మార్చి 20న నానక్‌రామ్‌గూడలోని స్వంత భవనానికి మారినది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, ఒడిశా రాష్ట్రాలకు ఇదే కార్యాలయం. పూర్వం ఇందుకై మద్రాసు రైలు ఎక్కవలసివచ్చేది. దూరం తగ్గినది కాని, లోపల అడిగే ప్రశ్న మారలేదు.

ముందుగా ఒక భేదం గుర్తింపవలెను. పాస్‌పోర్టు మన ప్రభుత్వం మనకు ఇచ్చేది. విదేశయానం వ్యక్తి స్వేచ్ఛలో భాగమని 1967 ఏప్రిల్‌లో సత్వంత్ సింగ్ సాహ్నీ వ్యాజ్యంలో మన సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. దానిననుసరించి అదే సంవత్సరం పాస్‌పోర్టుల చట్టం వచ్చినది. కనుక పాస్‌పోర్టు నిరాకరిస్తే మనకు కారణమడిగే హక్కు, న్యాయస్థానానికి వెళ్ళే దారి ఉన్నవి. వీసా అట్టిది కాదు. అది పరాయి దేశం ఇచ్చే అనుమతి. మన హక్కు మన గడప వరకే. ఎదుటి ఇంటి తలుపు తీయటం ఆ ఇంటివారి ఇష్టం. ఆ ఇష్టాన్ని ఏ నియమాల ప్రకారం వినియోగిస్తారో తెలుసుకొనటమే మనకు ఉపయోగకరం.

అమెరికా సందర్శక వీసా తిరస్కరణలలో తరచుగా వినవచ్చేది 214(బి) అనే సెక్షను. ఇది 1952 నాటి ఆ దేశపు వలస చట్టంలోనిది. దీని సారాంశం ఇది: తాత్కాలికంగా వస్తానని దరఖాస్తు చేసిన ప్రతి విదేశీయుణ్ణీ, అక్కడే స్థిరపడటానికి వచ్చేవాడుగానే మొదట భావింపవలెను, అట్లు కాదని కాన్సులర్ అధికారికి నమ్మకం కలిగించే భారం దరఖాస్తుదారుదే. నేరవిచారణలో నిందితుడు నిర్దోషి అనే భావనతో ఆరంభిస్తాము. ఇక్కడ ఆరంభం తలక్రిందులుగా ఉన్నది. కాబట్టి ఈ సెక్షను క్రింద తిరస్కరణ వచ్చినదంటే తప్పుచేసినారని కాదు, అబద్ధమాడినారని కాదు. చట్టం ముందుగానే పెట్టిన అనుమానం తొలగలేదని మాత్రమే అర్థం.

ఇందులో ఒక విచిత్రం ఉన్నది. హెచ్-వన్-బి వీసాపై ఉద్యోగానికి వెళ్ళే కుమారునికి ఈ అనుమానం వర్తించదు. చట్టమే ఆ తరగతిని మినహాయించినది. అనేక సంవత్సరాలు అక్కడ ఉండబోయే కొడుకు రుజువు చేయనక్కరలేనిదానిని, రెండు నెలలలో తిరిగిరాగోరే తండ్రి రుజువు చేయవలసి ఉన్నది. “మా అబ్బాయి అక్కడ మంచి ఉద్యోగంలో ఉన్నాడు, ఖర్చంతా అతడే భరిస్తాడు” అని పెద్దలు ధీమాగా చెప్పే మాట ఇందువల్లనే ఒక్కొక్కప్పుడు అక్కరకు రాదు. కొడుకు స్తోమత ప్రయాణపు ఖర్చుకు సమాధానమే కాని, తల్లిదండ్రులు తిరిగివస్తారనే దానికి సమాధానం కాదు.

మరి అధికారి దేనిని చూస్తాడు? ఆయన ముందున్నవి ప్రధానంగా రెండు: ముందుగా నింపి పంపిన డీఎస్-160 అనే దరఖాస్తు, కిటికీ వద్ద కొద్ది నిమిషాల సంభాషణ. మనవారు సంచినిండా తీసుకొనిపోయే బ్యాంకు పుస్తకాలను, పొలం దస్తావేజులను అధికారి అడగకపోవచ్చు. అది అవమానంగా ఎంచరాదు. ఆయనకు కావలసినది ఎందుకు వెళ్ళుచున్నారు, ఎన్నాళ్ళుంటారు, ఖర్చెవరిది, తిరిగివచ్చి ఇక్కడ ఏమిచేస్తారు అనే ప్రశ్నలకు తడబాటు లేని జవాబులు. దరఖాస్తులో మూడు వారాలని వ్రాసి, కిటికీ వద్ద “ఆరు నెలలుండి వస్తాము” అంటే అనుమానం కలగక మానదు. ఆ ఫారాన్ని పిల్లలో ఏజెంటో నింపి, పెద్దలకు చదివి వినిపించకపోవటం వల్ల ఇట్టి చిక్కులు వస్తుంటవి. తెలుగులో మాట్లాడే సదుపాయం హైదరాబాదు కాన్సులేటులో ఉన్నది. రాని ఇంగ్లీషులో తడుముకొనేకంటె, ఇంటిలో మాట్లాడినట్లు తెలుగులో నిదానంగా చెప్పటం మేలు.

పూర్వపు ప్రయాణాలు కూడ లెక్కకు వస్తవి. వెళ్ళిన ప్రతిసారీ ఆరేసి నెలలు ఉండి, ఇక్కడ కొద్దికాలం గడిపి మరల బయలుదేరేవారిని, వారు అక్కడ కాపురమే ఉంటున్నారేమో అని అధికారి శంకించవచ్చు. అదీగాక, బిడ్డను చూచి ముద్దాడటానికి వెళ్ళటం వేరు, జీతమిచ్చే దాది బదులు పనిచేయటానికి వెళ్ళటం వేరు. కాన్పు సమయంలో కూతురికి తోడుండటం మన ఆచారం. ఆ మాట ఉన్నదున్నట్లు చెప్పటానికి జంకనక్కరలేదు. అయితే ఎన్నాళ్ళు, ఎందుకు అన్న నిర్ణయం ముందుగా ఇంటిలోనే జరిగియుండవలెను.

తిరస్కరణ జరిగినప్పుడు మొదట చేయవలసిన పని, చేతికిచ్చిన కాగితం మీది సెక్షనును చూచుకొనటం. 221(జి) అని ఉంటే అది తుది మాట కాదు. ఏదో పత్రం కావలసి ఉన్నదనిగాని, లోపల ఇంకా పరిశీలన జరుగవలసి ఉన్నదనిగాని దాని భావం. అడిగిన పత్రాన్ని ఏడాదిలోగా అందజేయకపోతే మళ్ళీ రుసుముతో క్రొత్త దరఖాస్తు పెట్టవలసివస్తుంది. 214(బి) అయితే ఆ దరఖాస్తు అంతటితో ముగిసినది. దానిపై అప్పీలు లేదు. రుసుము తిరిగిరాదు, 2023 జూన్ 17 నుండి ఆ రుసుము 185 డాలర్లు. పెద్దవారి సిఫారసు ఉత్తరాలు కూడ అధికారి నిర్ణయాన్ని మార్పించలేవు. తన భర్తకు వీసా నిరాకరించినారని ఒక అమెరికా పౌరురాలు వేసిన దావాలో, 2024 జూన్ 21న ఆ దేశపు సుప్రీంకోర్టు, విదేశీయుడైన భర్తను దేశంలోనికి రప్పించుకొనటం రాజ్యాంగం రక్షించే ప్రాథమిక హక్కు కాదని తీర్పు చెప్పినది. భార్య మాటకే అంత పరిమితి ఉన్నప్పుడు, తల్లిదండ్రుల కొరకు పిల్లలు చేసే వాదానికి ఎంత బలముంటుందో పాఠకులే ఊహింపగలరు.

అయితే మరల దరఖాస్తు చేసుకొనటానికి గడువేమీ లేదు. రేపే చేయవచ్చును. చేయవచ్చునన్నంత మాత్రాన చేయటం వివేకం కాదు. నిన్నటి పరిస్థితులే నేడూ ఉంటే, నిన్నటి జవాబే నేడూ రావటం సహజం. “ఏమి మారినది?” అనే ప్రశ్నకు ఒక్క వాక్యంలో జవాబు చెప్పగలిగినప్పుడే మళ్ళీ రుసుము కట్టవలెను. ఉద్యోగం స్థిరపడినదా? మరొక దేశానికి వెళ్ళి గడువులోగా తిరిగివచ్చినారా? ప్రయాణానికి స్పష్టమైన కారణం, తేదీ ఏర్పడినవా? లేక క్రిందటిసారి దరఖాస్తులో పొరపాటు దొర్లినదా? అట్టిదేదైనా ఉంటే దానిని క్రొత్త ఫారంలో కనబరచవలెను. “ఎప్పుడైనా వీసా నిరాకరింపబడినదా?” అని ఆ ఫారం అడుగుతుంది. అవునని వ్రాసి, సంవత్సరం, కారణం తెలుపవలెను.

ఇతర దేశాల పద్ధతి కొంత వేరు. ఐరోపాలో 29 దేశాలు కలిసిన షెంగెన్ ప్రాంతానికి 2009 నాటి వీసా నియమావళి ఒకటి ఉన్నది. దాని ప్రకారం తిరస్కరించినవారు కారణాలను అచ్చువేసిన పత్రంలో గుర్తుపెట్టి ఇవ్వవలెను. ప్రయాణ ఉద్దేశం రుజువు కాలేదా, డబ్బు చాలదా, కనీసం 30,000 యూరోల వైద్య బీమా లేదా అన్నది ఆ పత్రం చూస్తే తెలుస్తుంది. తిరస్కరించిన దేశపు చట్టాన్ని అనుసరించి అప్పీలు హక్కు కూడ ఉన్నది. జర్మనీ విషయంలో రాయబార కార్యాలయానికే పునఃపరిశీలన కోరుతూ వ్రాసే పూర్వపు సౌకర్యం 2025 జూలై 1 నుండి రద్దయినది. ఇప్పుడు బెర్లిన్ పరిపాలనా న్యాయస్థానమే మార్గం. అంత శ్రమకంటె, లోపాన్ని సవరించి 90 యూరోలతో క్రొత్త దరఖాస్తు పెట్టటమే సామాన్యులకు సులువు. ఒకసారి తిరస్కరించినంత మాత్రాన తరువాతి దరఖాస్తును దానికదే తిరస్కరించరాదని ఆ నియమావళిలోనే ఉన్నది. బ్రిటన్ వారు కారణాలను ఉత్తరంలో వివరిస్తారు. సందర్శకులకు సామాన్యంగా అప్పీలు లేదు. కెనడా వారు 2025 జూలై నుండి అధికారి వ్రాసుకొన్న టిప్పణాలను కూడ తిరస్కరణ లేఖతో జతచేయటం ఆరంభించినారు. ఈ ఉత్తరాలను కోపంతో చించివేయక, ఒక్కొక్క కారణానికి ఎదురుగా ఒక్కొక్క జవాబు వ్రాసుకొంటే తరువాతి దరఖాస్తు సగం సిద్ధమైనట్లే.

నగరంలో దరఖాస్తులను స్వీకరించే ప్రైవేటు కేంద్రాల ఉద్యోగులకు నిర్ణయాధికారం లేదని కూడ గుర్తుంచుకొనవలెను. వారితో వాదించి లాభం లేదు.

మన పేర్ల తీరు వల్ల వచ్చే తంటా ఒకటి ఉన్నది. మనకు ఇంటిపేరు ముందు, వ్యక్తి పేరు వెనుక. బ్యాంకు పుస్తకంలో ఇంటిపేరుకు ఒక్క అక్షరమే ఉంటుంది. పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది. భూమి పత్రాలలో మరొక విధంగా ఉంటుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే అమెరికా వీసాలో ఉన్న ఒక్క పేరే ఇంటిపేరై, వ్యక్తి పేరుకు బదులు ఎఫ్ఎన్‌యూ అనే మూడక్షరాలు పడతవి. పేరు తెలియదని దాని తాత్పర్యం! ఇది తిరస్కరణకు కారణం కానక్కరలేదు కాని, కాగితాలన్నీ ఒకే మనిషివేనా అనే సందేహానికి తావిస్తుంది. ప్రయాణం తలపెట్టటానికి చాలా ముందుగానే పేర్లను సరిచేయించుకొనటం మంచిది.

అన్నిటికంటె ముఖ్యమైన హెచ్చరిక ఇక మిగిలినది. తిరస్కరణతో డీలాపడిన ఇంటికి ఎవరో ఒక ఏజెంటు వస్తాడు. లేని ఉద్యోగానికి పత్రం తెస్తానంటాడు. ఖాతాలో పదిరోజులు లక్షలు నిలువ ఉంచుతానంటాడు. పాత తిరస్కరణ సంగతి వ్రాయవద్దంటాడు. ఆ మాట వినరాదు. సందేహం వల్ల వచ్చిన తిరస్కరణకు విరుగుడు ఉన్నది. అబద్ధం వల్ల వచ్చినదానికి విరుగుడు దుర్లభం. ముఖ్యమైన విషయంలో మోసం చేసినట్లు తేలితే, ప్రత్యేక మినహాయింపు లభిస్తే తప్ప అమెరికా ప్రవేశం జీవితాంతం నిషిద్ధమవుతుంది. బ్రిటన్‌లో 10 సంవత్సరాల వరకు, కెనడాలో 5 సంవత్సరాలు నిషేధం ఉన్నది. ఫారాన్ని నింపినది ఏజెంటైనా, బాధ్యత వహించవలసినది సంతకం పెట్టినవారే.

ఉస్మాన్‌సాగర్ చెంత చిలుకూరులో వెలసిన బాలాజీని ఈనాటివారు “వీసా బాలాజీ” అంటున్నారు. హుండీ లేని ఆ గుడిలో మ్రొక్కుకొనేవారు 11 ప్రదక్షిణలు చేసి, కోరిక తీరిన పిమ్మట 108 చేస్తారు. మనస్సుకు స్థిమితమిచ్చే ఏ ఆచారాన్నీ మేము కాదనము. దైవానికి మ్రొక్కిన తరువాత దరఖాస్తును ఇంటిల్లిపాదీ కూర్చుండి ఒకసారి మొదటినుండి చివరివరకు చదువుకోవలెనని మాత్రం మనవి చేస్తున్నాము. వీసా చేతికి రాకముందు విమానపు టిక్కెట్లు కొనరాదు. పెద్దలకు మరల తిరస్కరణే ఎదురైతే, వీలైనప్పుడు పిల్లలే సెలవు పెట్టుకొని బిడ్డతో ఇంటికి వచ్చే ఏర్పాటు ఆలోచింపవలెను. ఈ లోపల ఆ తల్లిదండ్రులతో ఇంటిలోనివారు చెప్పవలసిన మాట ఒకటున్నది: కిటికీ అవతలి అధికారి తీర్చినది ఒక ప్రయాణపు సంగతి మాత్రమే, వారి పరువు మర్యాదలను ఆయన తూచలేదు.